కుప్పంలో లేచిన కుడి రెక్క

మొదట చొక్కా తొడుక్కునే దగ్గర తెలిసింది. ఎడమ చెయ్యి దూర్చి, కుడి చెయ్యి వెనక్కి పెట్టబోయేసరికి భుజంలో ఎవరో దబ్బనం గుచ్చి మెలితిప్పినట్టయింది. పక్క తప్పి పడుకున్నానేమోలే అనుకున్నాను. అప్పటికి నాకు నలభై రెండేళ్లు. మదనపల్లె డిపోలో డ్రైవర్ని. మదనపల్లెలో పొద్దున బయలుదేరి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయి, సాయంత్రానికి అదే దారిన తిరిగొచ్చే బస్సు నాది. అప్పటికే పద్నాలుగేళ్లుగా ఆ ఒక్క రోడ్డే తోలుతున్నాను.

తొంభైల చివరి రోజులవి. ఆ కాలపు బస్సుల స్టీరింగు ఎంత బరువో ఇప్పటి డ్రైవర్లకు చెబితే నవ్వుతారు. బండి నిలబడి ఉన్నప్పుడు చక్రం తిప్పాలంటే నిండు బిందె బావిలోంచి చేదినట్టుండేది. మా ఊళ్లో టమాటా యార్డు దగ్గర లారీల మధ్య ఇరుక్కున్న బండిని బయటికి తీసేసరికి మాఘమాసం చలిలో కూడా చొక్కా తడిసిపోయేది. ఆ కష్టం నాకు ఇష్టంగానే ఉండేది. రోజంతా చక్రం తిప్పి ఇంటికొచ్చి సంగటి ముద్ద ముందు కూర్చుంటే చేతుల్లో ఒక తృప్తి. నా కుడి రెక్కను నేను ఎన్నడూ రెక్కగా తలుచుకోలేదు. అది స్టీరింగులో ఒక ముక్క, అంతే.

ఆ నొప్పి పోలేదు. నెల తిరిగేసరికి ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేని స్థితి వచ్చింది. గూట్లోని డబ్బా అందుకోలేను. తల దువ్వుకోలేను. ఇంట్లో ఎవరూ గమనించలేదనుకున్నాను గానీ, నా భార్య ఒకరోజు అద్దం పక్కన నిలబడి అడిగేసింది.

"యాలయ్యా ఎడం చేత్తో దువ్వుకుంటాండావు?"

"ఊరికే."

"ఊరికే ఎవరన్నా ఎడం చేత్తో దువ్వుకుంటారా? రెక్క నొస్తాంటే సెప్పు."

చెప్పలేదు. ఆమెకు చెబితే డాక్టరు దగ్గరికి పొమ్మంటుంది. డాక్టరు కాగితం రాస్తే అది డిపోకు చేరుతుంది. చెయ్యి సరిగా లేవని డ్రైవరును అన్‌ఫిట్ అని రాసి, స్టీరింగు మీంచి దించి, గ్యారేజీలో బండ్లు కడిగే పనిలో పెట్టడం నేను కళ్లారా చూశాను. ఆ మనిషి మా ముందు తలెత్తి మాట్లాడడం మానేశాడు. ఆ భయంతో డిపోకు తెలియకుండా ఊళ్లోనే వేరే డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన మంచివాడే. భుజంలోకి ఒక సూది వేసి, కొన్నాళ్లు బరువు పెట్టొద్దన్నాడు. సూదితో ఒక నెల స్వర్గంలో ఉన్నట్టుంది. బరువు పెట్టొద్దన్న మాట మాత్రం నేను చెవిన పెట్టలేదు. రెండో నెలలో నొప్పి మళ్లీ వచ్చింది, ముందుకంటే ఎక్కువగా.

ఒకరోజు పలమనేరు దాటి అడివి దారిలో పోతున్నాం. బండిలో అరవై మందికి తక్కువ లేరు. ఒక మలుపులో ఎదురుగా వరిగడ్డి వేసుకున్న ట్రాక్టర్ సగం రోడ్డు మింగేసి వచ్చింది. ఎడమకు కొయ్యాలి. ఎడమకు తిప్పాలంటే కుడి చెయ్యి చక్రాన్ని కింది నుంచి పైకి తోసి దాటించాలి. సగం దూరం తోసింది. భుజం ఎత్తుకు వచ్చేసరికి ఆ చెయ్యి నాది కాకుండా పోయింది. నొప్పి కూడా తెలియలేదు. ఎడమ చేత్తో చక్రాన్ని కిందికి లాగి, బ్రేకు మీద నిలబడ్డాను. బండి రోడ్డు దిగి మట్టిలో ఆగింది. ట్రాక్టర్ జానెడు సందులో దాటిపోయింది. గడ్డిపరకలు కిటికీల్లోంచి లోపలికి రాలాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. జనమంతా ట్రాక్టరు వాణ్ని తిట్టారు. వెనక నుంచి ఒకాయన, "మన డ్రైవరు కాబట్టి సరిపోయె, బో నేర్పరి" అన్నాడు. నిజం నా ఒక్కడికే తెలుసు. నిదానంగా తోలి తర్వాతి ఊళ్లో చెట్టు కింద బండి ఆపి, తాళంచెవి తీసి కండక్టరు చేతిలో పెట్టాను. కండక్టరు కుప్పం మనిషి, నాకంటే పదేళ్లు చిన్న, ఏడేళ్లుగా నాతోనే ఉన్నాడు.

"అప్పా, నేనింక ఈ బండి తోలలేను. రెక్క పని చెయ్యలేదు ఆడ. ఎడం చేత్తో ఆపితి."

అతను తాళంచెవి జేబులో వేసుకున్నాడు. వెనకొచ్చే బస్సులో జనాన్ని ఎక్కించాడు. ఆ బస్సు వెళ్లాక ఖాళీ బండి మెట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. కాసేపటికి, "ఎన్నాళ్ల నుంచన్నా?" అన్నాడు. "అయిదు నెలలు" అన్నాను. పెద్దగా ఊపిరి వదిలి, ఇంకో డ్రైవరు వచ్చేదాకా నా పక్కనే కూర్చున్నాడు.

మర్నాడు డిపోలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. పై అధికారి అంతా విని, "మూడు నెలలు సెలవు పెట్టుకో. ఆ తర్వాత టెస్టు పెడతాం. తోలగలిగితే తోలు, లేకపోతే వేరే పని చూస్తాం" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పుంగనూరులో ఒక వస్తాదు ఉన్నాడని, విరిగిన చేతులు, బెణికిన కాళ్లు చూస్తాడని చెప్పి కండక్టరే నన్ను తీసుకుపోయాడు. డెబ్బై దాటిన సాయిబు. ఒకప్పుడు కుస్తీ నేర్పిన మనిషి. ఇరుకు సందులో చిన్న ఇల్లు, వసారాలో చాప, చాప పక్కన నూనె గిన్నె. నన్ను కూర్చోబెట్టి భుజం మీద అరచెయ్యి వేసి, ఇంకో చేత్తో మోచెయ్యి పట్టుకుని నిదానంగా అటూ ఇటూ తిప్పాడు. ఒకచోట ఆగాడు. మళ్లీ తిప్పాడు. తర్వాత ఆయన చేసిన పని నేను ఊహించలేదు. నూనె గిన్నె మీద మూత పెట్టి పక్కకు జరిపేశాడు.

"కీలు తప్పలా బేటా. బెణుకూ కాదు. నేను తోమితే రెండు దినాలు హాయిగా ఉంటాది. మూడో దినం నన్ను తిట్టుకుంటావు."

"మల్ల ఎవురు సూస్తారు తాతా?"

ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ పక్కల నుంచి పైకెత్తి నెత్తి మీద జోడించాడు. బనియను కింద పక్కటెముకలు లేచి కనిపించాయి.

"ఈ ఎడమది సంవత్సరం పైన లేవలా నాకు. ఊరందరి రెక్కలూ సరి చేసినోణ్ని, నా రెక్క నేను సరి చేసుకోలేకపోతి. కుప్పంలో ఒక ఆడబిడ్డ ఉండాది. ఫిజియోథెరపీ అంటారంట. నా మనవరాలి వయసు ఉంటాది. ఆ బిడ్డ ముందర అంగీ ఇప్పి కూసుండేదానికి సిగ్గు పడితి మొదుట్లో. పో. నేను పంపించినానని సెప్పు."

జనం చేతులెత్తి మొక్కే వస్తాదు తనకు తెలియనిది ఇంకొకరికి తెలుసని అంత తేలిగ్గా చెప్పడం చూసి, నేనూ చేతులెత్తి మొక్కి లేచాను.

రెండు రోజుల తర్వాత, నేను తోలిన బస్సులోనే టికెట్టు తీసుకుని కూర్చుని కుప్పం వెళ్లాను. ఊళ్లో ఒక ఆసుపత్రి, దాని వెనక పొడుగాటి గది. గదిలో ఒక బెంచీ మంచం, గోడకు వేలాడే తాడూ కప్పీ, మేకుకు తగిలించిన సైకిలు ట్యూబులు, గోడ నిండా పెన్సిలు గీతలు. ఎవరి వేళ్లు ఎంత ఎత్తుకు పాకాయో పెట్టుకున్న గుర్తులని తర్వాత తెలిసింది. ఆ అమ్మాయికి ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. సన్నటి మనిషి. మా పక్క నిమ్మనపల్లె దగ్గరి పల్లె, మెట్ట సేద్యం చేసే ఇంటి పిల్ల. ఆమె మణికట్లు చూసి, ఈ చేతులు నా రెక్కను ఏం కదిలిస్తాయిలే అనుకున్నాను.

ఆ ఆసుపత్రి డాక్టరు తీయించిన ఎక్స్‌రే చూసి పక్కన పెట్టింది. చొక్కా విప్పించి, నా వెనక నిలబడి, ముట్టుకోకుండా చాలాసేపు చూసింది.

"రెండు చేతులూ పక్కల నుంచి నిదానంగా లేపన్నా. యాడ మొదలైతాదో, యాడ పోతాదో సెప్పు."

లేపాను. సగం ఎత్తుకు వచ్చాక నొప్పి పట్టుకుంది. పళ్లు బిగించి ఇంకా లేపితే, చెవి దాటాక తగ్గిపోయింది. అయిదు నెలలుగా అనుభవిస్తున్నా, నొప్పికి మొదలూ చివరా ఉన్నాయని నాకు తెలియనే తెలియదు. తర్వాత ఆమె నా చెయ్యి కొంచెం వెనక్కి మడిచిపెట్టి, భుజం ముందు భాగంలో ఒక్క వేలు ఆనించింది. వెతకలేదు. నేరుగా ఆ చోటికే వచ్చింది వేలు. నేను అబ్బా అని అరిచాను.

"ఇదే. ఎముక బాగుండాదన్నా. కండను ఎముకకు కట్టే తాడు ఉంటాది సూడు, అది అరిగి రేగిండాది."

"తెగిపోయిందామ్మా?"

"తెగలేదనే డాక్టరు అంటాండాడు, నాకూ అట్లే తోస్తాండాది. లోపల కండ్లతో సూసినోళ్లం కాదు కదా. ఇప్పుడు ఇంకోసారి లేపు, ఈసారి నేను రవంత పట్టుకుంటా."

ఒక అరచెయ్యి నా కుడి పక్క రెక్క ఎముక మీద, వీపు వైపు, పరిచింది. ఇంకో చెయ్యి భుజం పైన ఉంచింది. నేను చెయ్యి ఎత్తడం మొదలుపెట్టగానే ఆ రెక్క ఎముకను కింది మూల దగ్గర పట్టి మెల్లగా పక్కకూ పైకీ తోసింది. బలం పెట్టలేదు. పసిపిల్లను నడిపించేటప్పుడు వీపున చెయ్యి ఆనించినట్టు, అంతే.

చెయ్యి లేచింది. సగం ఎత్తు వచ్చింది, దాటింది, చెవి పక్కకు వచ్చింది, నెత్తి మీదికి వెళ్లింది. నొప్పి లేదు. ఎక్కడుందా అని నేను వెతుకుతున్నాను, లేదు. నా చెయ్యి గదిలో పైకెత్తి ఉంది, కిటికీ వెలుతురులో వేళ్లు కనిపిస్తున్నాయి. ఆమె తన చెయ్యి తీసేసి మళ్లీ లేపమంది. సగంలోనే నొప్పి పట్టుకుంది. తన చెయ్యి వేసి లేపమంది. నా చెయ్యి నెత్తి మీదికి వెళ్లిపోయింది.

కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆమె చూడనట్టే మాట్లాడింది.

"సూస్తివా? భుజం లేసేటప్పుడు ఎనక ఈ ఎముక కూడా తిరగాల. నీది తిరగడం మరిసిపోయిండాది. అది దారి ఇయ్యక, ముందర ఆ తాడు నలుగుతాండాది. నేను పట్టుకుని తిప్పేది నీ కండ తిప్పాల. నేర్పుదాం. పన్నెండు వారాలు పడతాది."

మొదటి నెల వారానికి రెండుసార్లు వెళ్లాను. ముందు చేతులతో చేసేది. బోర్లా పడుకోబెట్టి రెక్క ఎముక అంచు వెంట బొటనవేలు పోనిచ్చేది. బిగుసుకున్న చోట ఆగి, రుద్దకుండా, ఒత్తి ఊరికే ఉండేది. ఏం జరుగుతుందా అని నేను చూస్తుంటే, ఉన్నట్టుండి, గోనె సంచి మూతి కుట్టుకు కొస దొరికినప్పుడు దారం జర్రున ఊడి వచ్చినట్టు లోపల ఏదో వదిలేది. అది వదలబోతున్నట్టు నాకంటే ముందు ఆమెకు తెలిసేది. "ఇప్పుడు" అనేది. ఆ మాట అన్న క్షణానికే వదిలేది. పదిసార్లు చూసినా పదిసార్లూ నాకు ఒళ్లు జలదరించింది.

ఇంటికి ఇచ్చిన పని చూస్తే ఇదా అనిపించింది. గుమ్మం పక్కన నిలబడి, మోచెయ్యి మడిచి, పిడికిలి వెనకవైపు గోడకు ఆనించి ఒత్తాలి. గోడ కదలదు, చెయ్యీ కదలదు. తర్వాత వారాల్లో సైకిలు ట్యూబు ముక్క కిటికీ కమ్మీకి కట్టి, చంకలో మడిచిన తువ్వాలు పెట్టుకుని, మోచెయ్యి ఒంటికి అంటించి, ట్యూబును బయటికి లాగాలి. లాగడం ఒక లెక్క, వదలడం రెండు లెక్కలు. వదిలేటప్పుడే నిదానం ఎక్కువ ఉండాలని ఆమె పట్టుదల. తువ్వాలు కింద పడితే చేసింది తప్పు.

నా భార్య ఎదురుగా పీట వేసుకుని బియ్యం ఏరుతూ లెక్క పెట్టేది. తువ్వాలు జారిందంటే ఆ సారిని లెక్కలోకి రానిచ్చేది కాదు. "ఇంకోటి సెయ్యి. ఆ అమ్మ నీకు సెప్పింది తువ్వాలు పడకుండా సెయ్యమని, పడేసి సెయ్యమని కాదు." అయిదు నెలలు ఆమె దగ్గర దాచినదానికి నేను ఆ శిక్ష సంతోషంగానే అనుభవించాను.

మూడో వారంలో చెయ్యి తేలికపడింది. నాలో పాత డ్రైవరు మేలుకున్నాడు. పది చెయ్యమంటే ముప్పై చేశాను, పూటకు ఒకసారి అంటే మూడుసార్లు. భార్య చూడని వేళ చేశాను. నాలుగో రోజు మళ్లీ కుప్పం వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. ఆమె భుజం మీద చెయ్యి వేసి, వేసిన చెయ్యి తీయకుండానే అడిగింది.

"ఎన్ని చేస్తాండావన్నా?"

"నువ్వు సెప్పినన్నే."

"అబద్ధం సెప్పొద్దు. కండ వేడిగా ఉండాది, దారం మాదిరి బిగిసిండాది. నువ్వు సెప్పకపోయినా అది సెప్తాంది."

చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"ఆ తాడుకు పని కావాల. ఎక్కువైతే రేగుతాది, తక్కువైతే బలం రాదు. చేసేటప్పుడు రవంత నొస్తే పరవాలేదు, తెల్లారేసరికి ఎప్పటి మాదిరి ఉండాల. తెల్లారి కూడా నొస్తాందంటే ముందటి దినం ఎక్కువ చేసినట్టు. నేను నీ ఇంటికాడ ఉండను కదన్నా. నీ నొప్పిని నువ్వు సదువుకోవాల."

ఆ రోజు పని చేయించలేదు. వీపు మధ్య వెన్నుపూసల మీద మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో మెల్లగా ఒత్తి పంపించింది. డ్రైవర్లు ముందుకు వంగి వంగి వీపు చెక్కలా బిగుసుకుపోతుందని, వీపు విచ్చుకోకపోతే భుజానికి చోటుండదని చెప్పింది. బస్సులో తిరిగొస్తూ నా ముందు నిలబడిన మనిషి వీపును అంత శ్రద్ధగా చూస్తుంటే, ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

ఆరో వారంలో ఒక మధ్యాహ్నం, "నీ బస్సు సూపించన్నా" అంది. కుప్పం బస్టాండులో మా బండి ఆగి ఉంది. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని డ్రైవరు తలుపులోంచి ఎక్కి నా సీట్లో కూర్చుంది. కాళ్లు బ్రేకుకు అందలేదు. రెండు చేతులా చక్రం పట్టుకుని తిప్పబోయింది. కదల్లేదు. మళ్లీ పళ్లు బిగించి తిప్పింది. కొంచెం కదిలింది. చుట్టూ చేరిన జనం నవ్వుతున్నారు. ఆమె నవ్వలేదు. దిగి వచ్చి నా ముఖం వైపు అదోలా చూసింది.

"ఇది దినానికి ఎన్నిసార్లు తిప్పుతాండావన్నా?"

నేనెప్పుడూ లెక్క పెట్టుకోలేదన్నాను.

"ఇన్నేళ్లు ఆ తాడు ఇది మోసిండాదే!" అంది. అంతవరకూ నా రెక్క చెడిపోయిందని సిగ్గుపడుతూ ఉన్నవాణ్ని. ఇన్నేళ్లు నిలబడిందని ఆమె ఆశ్చర్యపోతోంది. అప్పుడు మొదటిసారి ఆ భుజం మీద నాకు జాలి, దాంతోపాటు ఒక రకం భక్తి కలిగాయి.

తర్వాత నన్ను ఎక్కించి కూర్చోమంది. సీటు చక్రానికి దూరంగా ఉండడం, నేను చక్రం పైభాగం పట్టుకుని వేలాడడం చూసింది. సీటు ముందుకు జరిపే గొళ్లెం తుప్పు పట్టి ఎప్పుడో బిగుసుకుపోయి ఉంది. మెకానిక్కును పిలిపించి కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టించి, రెండు పళ్లు ముందుకు జరిపించాం. చేతులు కిందికి పెట్టుకోమంది. తిప్పేటప్పుడు ఒక్క భుజంతో తొయ్యకుండా, వీపుతో సహా ఒరగమంది. పద్నాలుగేళ్ల డ్రైవరుకు చక్రం పట్టుకోవడం నేర్పిందని కండక్టరు చాలాకాలం ఏడిపించాడు.

నేను ఎక్కువగా తలుచుకునేది మాత్రం ఇంకో రోజు సంగతి. నాతోపాటు ఆ గదికి ఒక అవ్వ వచ్చేది. కుప్పం పక్క పల్లెలో పట్టుగూళ్ల నుంచి దారం తీసే పనిలో ముసలిదైన మనిషి. రాట్నం తిప్పి తిప్పి భుజం పట్టేసింది. రెండేళ్లుగా కొప్పు ముడుచుకోలేక కోడలితో వేయించుకునేది. ఆ రోజు అవ్వ చెయ్యి చెవి దాకా వచ్చింది. ఫిజియో అమ్మ నన్ను పిలిచింది.

"అన్నా, నీ ఎనక ఏం జరుగుతాందో నీకు కనపడదు కదా. అవ్వ ఒప్పుకుంటే ఈడ సెయ్యి పెట్టి సూడు."

"పెట్టు నాయనా, నా కొడుకు మాదిరోడివి" అంది అవ్వ.

రవిక మీదుగా రెక్క ఎముక కింది మూలన అరచెయ్యి ఆనించాను. అవ్వ చెయ్యి ఎత్తడం మొదలుపెట్టింది. మొదట ఏమీ లేదు. తర్వాత నా అరచేతి కింద ఆ ఎముక కదిలింది. కదిలి, పక్కటెముకల వంపు మీద జారుతూ, తలుపు రెక్క తెరుచుకున్నంత నిదానంగా తిరిగింది. దాన్ని ఏదీ పైనుంచి లాగడం లేదు. కింద ఎన్నో సన్నటి కండలు, ఒకటి పట్టి ఒకటి వదులుతూ, పంచుకుని తిప్పుతున్నాయి. అవ్వ చెయ్యి దించింది. ఎముక వెళ్లిన దారినే తిరిగొచ్చి తన చోట కూర్చుంది. నేను అరచెయ్యి తీయలేదు.

"ఇంకోసారి లేపవ్వా" అన్నాను.

అవ్వ ఇంకోసారి లేపింది. లేపి, అలాగే ఉంచి, రెండో చెయ్యి కూడా ఎత్తి, వెనక వెంట్రుకలు దొరకబుచ్చుకుని ఒక మెలి, ఇంకో మెలి తిప్పింది. కొప్పు వదులుగానే వచ్చింది. అవ్వ కొప్పు మీద చెయ్యి వేసి తడిమి చూసుకుని, "వచ్చినాదా?" అని అడిగింది. ఫిజియో అమ్మ తల ఊపింది. తనే నేర్పిన పని, తనే ఎదురుచూసిన పని. అయినా మా అందరికంటే ఎక్కువ ఆశ్చర్యం ఆమె ముఖంలోనే ఉంది.

పన్నెండు వారాలు అయ్యాయి. నీళ్లు నింపిన సీసా పట్టుకుని పక్కకు పడుకుని లేపడం, గోడకు చేతులు ఆనించి ఒరిగి లేవడం, చివర్లో బరువు సంచి నెత్తి ఎత్తుకు ఎత్తి అటక మీద పెట్టడం దాకా వచ్చాను. టెస్టుకు ముందు ఆఖరిసారి వెళ్లి, "తోలగలనామ్మా?" అని అడిగాను. ధైర్యం చెబుతుందని ఆశపడ్డాను.

"తాడు లోపల ఎట్లుండాదో నాకు కనపడదన్నా. నువ్వు లేపేది కనపడతాంది. బాగా లేపుతాండావు. తోలి సూడు, తెల్లారి ఎట్లుండాదో సూసుకో. నొస్తే దాసిపెట్టొద్దు."

డిపో వెనక మైదానంలో టెస్టు పెట్టారు. కావాలనే ఏమో, అన్నిటికంటే ముసలి బండి ఇచ్చారు. ఎనిమిది అంకె ఆకారంలో తోలమన్నారు, రెండు డ్రమ్ముల మధ్యకు వెనక్కి పెట్టమన్నారు. సీటు ముందుకు జరుపుకున్నాను. చక్రం కింద పట్టుకున్నాను. ఎడమకు తిప్పేటప్పుడు కుడి చెయ్యి పైకి తోసే ఆ సగం దూరం దగ్గర ఊపిరి బిగబట్టాను. వీపులో రెక్క ఎముక తిరగడం తెలిసింది. చక్రం దాటింది. అధికారి కాగితం మీద సంతకం పెట్టి, "రేపు కుప్పం బండికి రా" అన్నాడు. ఇంటికెళ్లి ఆ మాట చెబితే నా భార్య చేటలోని బియ్యం వైపే చూస్తూ, "ట్యూబు మాత్రం కిటికీకి అట్లే ఉంటాది" అంది. మర్నాడు పొద్దున లేవగానే భుజం తడిమి చూసుకున్నాను. ఎప్పటిలాగే ఉంది.

ఆ తర్వాత పదకొండేళ్లు తోలాను. భుజం పూర్తిగా మునుపటిలా కాలేదు. పండగ రద్దీలో వరసగా డ్యూటీలు పడితే మూలిగేది, అప్పుడు పని తగ్గించి, మళ్లీ మెల్లగా పెంచుకునేవాణ్ని. ఫిజియో అమ్మ ఇంకో నాలుగేళ్లు కుప్పంలోనే ఉండి, పెళ్లయ్యాక వేరే ఊరికి వెళ్లిపోయింది. వెళ్లే ముందు బస్టాండుకు వచ్చి చెప్పి వెళ్లింది. బెంచీ మంచం ఇప్పుడు ఇంకొకరిదని, వాళ్లు తనకంటే బాగా చూస్తారని అంది. నేను నమ్మలేదు గానీ తల ఊపాను.

మళ్లీ స్టీరింగు పట్టుకున్న కొత్తల్లో ఒకరోజు, పుంగనూరు సంతనాడు, బండి కిక్కిరిసింది. అంగళ్లు పెట్టేవాళ్లు, పట్టుగూళ్ల బుట్టలవాళ్లు, బడి పిల్లలు, సాయిబుల ఇళ్ల ఆడవాళ్లు. మలుపు ముందు వెనక్కి చూసుకుందామని లోపలి అద్దంలోకి చూశాను. ముఖాలు కనిపించలేదు. చేతులు కనిపించాయి. పైన కమ్మీ పట్టుకుని నిలబడ్డవాళ్ల చేతులు, వరసగా, బండి చివరి దాకా. గాజులవి, గడియారాలవి, మట్టి అంటినవి, మైదాకు పెట్టుకున్నవి, అన్నీ నెత్తి మీదికి ఎత్తి ఉన్నాయి. బండి ఊగినప్పుడల్లా అన్నీ కలిసి ఊగుతున్నాయి, ఒక్కరికీ ఆ సంగతి తెలియదు, ఎవరో తమ ఊరి మాటలు చెప్పుకుంటూ నవ్వుతున్నారు. అన్ని వీపుల వెనకా ఆ ఎముకలు తిరిగి దారి ఇచ్చి నిలబడి ఉన్నాయి. నేను గేరు తగ్గించి, మలుపు మెల్లగా తిప్పాను.